విద్యుత్తు నడచు దారి

సాయంసమయమున ఊరి వెలుపల స్తంభముల మధ్య సాగిన విద్యుత్తు తీగలపై కాకులును, గువ్వలును బారులు తీరి కూర్చుండుట మీరు చూచియే యుందురు. ఆ తీగలకు పైపూత ఏమియు లేదు. వానిలో విద్యుత్తు ఉన్నది. అయినను ఆ పక్షులకు ఏ కీడును కలుగదు. కొంతసేపు కూర్చుండి, రెక్కలు సవరించుకొని, అవి ఎగిరిపోవును. అదే తీగ గాలివానకు తెగి నేలపై బడినచో, దానిని త్రొక్కిన ఎద్దు అక్కడికక్కడే కూలిపోవును. ఎద్దును కాపాడబోయిన రైతు కూడ ప్రాణములు కోల్పోవచ్చును. పిట్టను ఏమియు చేయని తీగ ఎద్దును ఏల చంపినది? పిట్టకేమైన మహిమ కలదా? లేదు. విద్యుత్తునకు ఒకరిపై దయయు లేదు, మరియొకరిపై పగయు లేదు. అది ఒక నియమమును బట్టి నడచును. ఆ నియమమేమో తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

మొదట విద్యుత్ప్రవాహమనగా ఏమో చూతము. సమస్త పదార్థములును పరమాణువులతో నిర్మితమైనవి. ప్రతి పరమాణువునందును ఎలక్ట్రానులను అతి సూక్ష్మమైన కణములు కలవు. వీని ఉనికిని 1897 సంవత్సరములో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు జె. జె. థామ్సను నిరూపించెను. రాగి, వెండి, అల్యూమినియము, ఇనుము మొదలగు లోహములలో కొన్ని ఎలక్ట్రానులు తమ పరమాణువులను అంటిపెట్టుకొని యుండక లోహమంతటను స్వేచ్ఛగా తిరుగుచుండును. అట్టి పదార్థములను వాహకములందుము. ఎండిన కొయ్య, రబ్బరు, గాజు, పింగాణి, ప్లాస్టిక్కు వంటి వానిలో ఎలక్ట్రానులు కదలుటకు వీలులేకుండ పట్టువడి యుండును. వానిని బంధకములందుము. తీగలోని స్వేచ్ఛా ఎలక్ట్రానులు, ఏదైన ఒక బలము చేత నెట్టబడి, అన్నియు ఒకే దిక్కునకు సాగిపోయినచో, ఆ సాగుటయే విద్యుత్ప్రవాహము.

విద్యుత్ప్రవాహమును తెలుపుటకు పెద్దలు సాధారణముగా కాలువనీటిని పోల్చి చెప్పుదురు. ఆ పోలిక కొంతవరకు మంచిదే. ఎగువ చెరువులోని నీరు దిగువ పొలమునకు పారునట్లు విద్యుత్తు కూడ ఎక్కువ పీడనము గల చోటినుండి తక్కువ పీడనము గల చోటికి పారును. కాని ఒక విషయములో ఈ పోలిక మనలను తప్పుదారి పట్టించును. కాలువకు గండి పడినచో నీరు ఆగిపోదు. గండి గుండ వెలువడి చేలపాలగును. తీగ తెగినచో అట్లుగాదు. తెగిన కొననుండి విద్యుత్తు కారిపోదు. తీగ ఒక్కచోట తెగిన చాలును, దారి పొడవునను ప్రవాహము ఒక్కసారిగా నిలిచిపోవును.

దీనికి మీ సైకిలు గొలుసే మంచి పోలిక. గొలుసు రెండు పండ్ల చక్రములను చుట్టి మరల మొదటి చోటికి వచ్చి కలియును. తొక్కుడుపై కాలు మోపగానే గొలుసులోని లంకెలన్నియు ఒకేసారి కదలును. ముందరి లంకె వెనుకచక్రమును చేరువరకు చక్రము వేచియుండదు. ఒక్క లంకె ఊడిన చాలును, ఎంత తొక్కినను బండి కదలదు. విద్యుత్తు కూడ ఇట్లే. మీట నొక్కగానే దూరముననున్న దీపము వెలుగుటకు కారణము ఎలక్ట్రానులు మెరుపువేగముతో పరుగెత్తుట కాదు. మన టార్చిదీపపు తీగలో అవి సెకనుకు ఒక మిల్లీమీటరు దూరము కూడ సాగవు. కాని తీగ పొడవునను ఉన్న ఎలక్ట్రానులన్నియు దాదాపు ఒక్కసారిగా కదలనారంభించును. మరియు గొలుసు లంకెలు చక్రమును త్రిప్పుటవలన ఎట్లు తరిగిపోవో, అట్లే ఎలక్ట్రానులు దీపమును వెలిగించుటవలన తరిగిపోవు. దీపములోనికి ఎన్ని పోవునో అన్నియు బయటికి వచ్చును. ఖర్చగునది శక్తియే గాని ప్రవాహము గాదు.

కనుక మన మొదటి నియమమిది: విద్యుత్తు ప్రవహించుటకు, బయలుదేరిన చోటికి తిరిగి వచ్చు తెగని దారి ఉండవలెను. ఈ దారికే విద్యుద్వలయమని పేరు.

నేడు సులభముగా కనబడు ఈ సంగతి మానవునకు అంత సులభముగా తెలియలేదు. ఇటలీ దేశములోని బొలోన్యా నగరములో లూయీజీ గాల్వానీ అను శరీరశాస్త్ర పండితుడు ఉండెను. ఆయన చచ్చిన కప్పల కాళ్లను ఇత్తడి కొక్కెములకు గ్రుచ్చి, ఇనుప కటకటాలకు వ్రేలాడదీసి పరిశీలించెను. కొక్కెము ఇనుమునకు తగిలినపుడు ఆ కాళ్లు ప్రాణమున్నవానివలె గిలగిల కొట్టుకొనెను. జంతువుల శరీరమందే విద్యుత్తు పుట్టుచున్నదని ఆయన నిశ్చయించి, 1791లో ఆ విషయమును ప్రకటించెను. అదే దేశమున పావియా విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన అలెస్సాండ్రో వోల్టా ఆ ప్రయోగములను తానును చేసి చూచెను. ఆయనకు వేరొక సంగతి తోచెను. రెండు వేరువేరు లోహములు ఉన్నపుడే కాలు బలముగా అదరుచున్నది. అందుచేత విద్యుత్తునకు మూలము కప్ప గాదు, ఆ లోహములే యని ఆయన వాదించెను.

ఈ వాదమును మాటలతో గాక వోల్టా ఒక వస్తువుతో తేల్చెను. వెండి బిళ్ల, తుత్తునాగపు బిళ్ల, ఉప్పునీట తడిపిన అట్టముక్క, మరల వెండి, తుత్తునాగము, తడియట్ట - ఈ క్రమమున బిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చి ఒక స్తంభముగా నిలిపెను. తడిచేతులతో దాని పై కొనను, క్రింది కొనను ఒకేసారి తాకినపుడు చేతులు జిల్లుమనెను. ఒక్క కొననే తాకినపుడు అట్లు గాలేదు. ఈ పరికరమును వర్ణించుచు ఆయన 1800 మార్చి 20వ తేదీన లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్సునకు లేఖ వ్రాసెను. ఎడతెగక విద్యుత్తు నిచ్చు మొదటి ఘటమాల అదియే. అయినను గాల్వానీ చెప్పినది పూర్తిగా తప్పనరాదు. మన నరములలో పరుగెత్తు సందేశములు నిజముగా విద్యుత్సంబంధమైనవేయని తరువాతి పరిశోధనలు తెలిపినవి. ఇద్దరు పండితులకును చెరియొక సత్యఖండము దొరికినది. ఇద్దరి ప్రయోగములలోను సమానమైన సంగతి యొక్కటి కలదు: వలయము పూర్తియైనపుడే కాలు అదరినది; వలయము పూర్తియైనపుడే చేయి జిల్లుమన్నది.

ఇరువది యేండ్ల తరువాత, 1820లో, కోపెన్‌హేగన్ నగరములో ఆచార్యుడు హాన్స్ క్రిస్టియన్ ఊర్‌స్టెడ్ ఘటమాలకు కలిపిన తీగ దగ్గర దిక్సూచిని ఉంచి చూచెను. ప్రవాహము సాగునపుడు సూచి పక్కకు తిరిగెను. వలయమును తెంపినపుడు యథాస్థానమునకు వచ్చెను. కంటికి కనబడని ప్రవాహమును కనిపెట్టుటకును, కొలుచుటకును దీనివలన ఒక సాధనము దొరికెను.

ఆ సాధనమును చక్కగా ఉపయోగించినవాడు జర్మనీ దేశస్థుడైన గేయార్గ్ ఓమ్. ఈయన తాళములు చేయువాని కుమారుడు. కొలోన్ నగరములోని పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండి, వేరువేరు పొడవుల తీగలలో ఎంత ప్రవాహము సాగునో ఓపికతో కొలిచెను. నెట్టు పీడనము రెట్టింపైన ప్రవాహము రెట్టింపగును. తీగ పొడవు రెట్టింపైన దాని అడ్డగింపు రెట్టింపగును. ఈ అడ్డగింపునే నిరోధమందుము. పీడనమును నిరోధముతో భాగించినచో ప్రవాహము వచ్చును. ఇంత చిన్న సూత్రమును ఆయన 1827లో గ్రంథరూపమున ప్రకటింపగా, స్వదేశమున తగిన ఆదరణ లభింపలేదు. 1841లో రాయల్ సొసైటీవారు కాప్లే పతకమునిచ్చి గౌరవించిన తరువాత ఆయన కీర్తి వ్యాపించెను. 1881లో పారిస్ నగరమున సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ పీడనమునకు వోల్టు, నిరోధమునకు ఓము, ప్రవాహమునకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంపియరు పేర ఆంపియరు అను కొలమానములను అంగీకరించెను.

ఇక ఈ సూత్రములను మన చేతిలోని వస్తువులలో చూతము. టార్చిదీపములో వాడు ఒక్కొక్క పొడిఘటము యొక్క పీడనము 1.5 వోల్టులు. రెండు ఘటములను ఒకదాని తల మరియొకదాని అడుగునకు తగులునట్లు ఉంచినచో 3 వోల్టులగును. ఘటమునకు బొడిపె గల కొన ధనధ్రువము, అడుగు ఋణధ్రువము. ప్రవాహము ధనధ్రువమునుండి ఋణధ్రువమునకు సాగునని పూర్వులు నిర్ణయించిరి. మనమును ఆ వాడుకనే పాటించుచున్నాము. ఎలక్ట్రానులు మాత్రము దానికి ఎదురు దిక్కున నడచును. తంతువు గల చిన్న బల్బు నిరోధము వెలుగునపుడు 10 ఓములైనచో, 3ను 10తో భాగింపగా 0.3 ఆంపియరు ప్రవాహము వచ్చును. ఆ ప్రవాహము సన్నని తంతువును ఎఱ్ఱగా కాల్చి వెలిగించును. మీట చేయు పని యేమి? వలయములో ఒకచోట ఖాళీని కల్పించుటయు, ఆ ఖాళీని పూడ్చుటయు మాత్రమే.

మీరును ఒక ప్రయోగము చేయవచ్చును. రెండు పొడిఘటములు, ఒక చిన్న టార్చి బల్బు, మూడు తీగముక్కలు తీసికొనుడు. బల్బు వెలుగునట్లు వలయమును కట్టి, ఒకచోట రెండు తీగల కొనలను విడిగా ఉంచుడు. ఆ రెండు కొనల నడుమ ఇనుపమేకు, తాళపుచెవి, పెన్సిలు లోని నల్లని పుల్ల, అగ్గిపుల్ల, రబ్బరుముక్క, గుడ్డపేలిక ఒక్కొక్కటిగా ఉంచి చూడుడు. బల్బు వెలిగించునవి యేవి, వెలిగింపనివి యేవి యను పట్టిక వ్రాయుడు. పెన్సిలు పుల్ల లోహము గాకపోయినను ప్రవాహమును పోనిచ్చుట మీకు ఆశ్చర్యము కలిగించును. కాని ఒక్క మాట. ఈ ప్రయోగమును పొడిఘటములతోనే చేయవలెను. ఇంటి గోడలోని విద్యుత్తుతో ఎన్నడును చేయరాదు. టార్చి పీడనము 3 వోల్టులు; ఇంటి పీడనము 230 వోల్టులు.

రెండు బల్బులను వలయములో కలుపుటకు రెండు విధములు కలవు. మొదటి బల్బునుండి వచ్చిన ప్రవాహమే రెండవ బల్బులోనికి పోవునట్లు ఒకే దారిలో కలిపినచో అది శ్రేణి సంధానము. పూలదండలో పూలవలె బల్బులు ఒకదాని వెనుక నొకటి యుండును. ఉత్సవములలో పందిళ్లకు కట్టు పాతకాలపు దీపమాలలు ఇట్టివే. ఒక్క బల్బు మాడినచో మాల మొత్తము ఆరిపోవును. ఏలయనగా అందరి దారియు ఒక్కటే. అట్లుగాక, ప్రతి బల్బునకును వేరుదారి కల్పించి, ఆ దారులన్నిటిని రెండు ప్రధానమైన తీగలకు కలిపినచో అది సమాంతర సంధానము. అప్పుడు ఒక దీపము ఆరినను తక్కినవి వెలుగుచునే యుండును. మన ఇండ్లలోని దీపములు, పంఖాలు అన్నియు ఈ విధముననే కలుపబడినవి. తంతుదీపములు నేడు చాలవరకు మూలబడి, వాని స్థానమున ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. దీపము మారినది గాని వలయ నియమము మారలేదు.

సమాంతర సంధానములో ఒక చిక్కు కలదు. దారులు పెరిగినకొలది ప్రధానమైన తీగలోని ప్రవాహము పెరుగును. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టుల వద్ద సుమారు 4.3 ఆంపియర్లు గుంజును. 2000 వాట్ల నీటి హీటరు సుమారు 8.7 ఆంపియర్లు గుంజును. రెండును కలిసినచో 13 ఆంపియర్లగును. తీగ అంతటి ప్రవాహమునకు తగినది కాకపోయినచో వేడెక్కి, పైపూత కాలి, ఇల్లే అంటుకొనవచ్చును. పైపూత చెడి రెండు తీగలు తాకినచో మరింత ప్రమాదము. అప్పుడు నిరోధమే లేని దగ్గరిదారి ఏర్పడి, ప్రవాహము మితిమీరి సాగును. దీనినే షార్టు సర్క్యూటు అందురు.

ఈ ఆపదనుండి కాపాడుటకే ఫ్యూజు ఏర్పడినది. అది వలయములో బుద్ధిపూర్వకముగా ఉంచిన బలహీనమైన లంకె. ప్రవాహము మితిమీరగానే సన్నని ఫ్యూజుతీగ తాను కరగిపోయి, వలయమును తెంపి, ఇంటిని కాపాడును. కొందరు మాటిమాటికి ఫ్యూజు పోవుచున్నదని విసిగి, దాని స్థానమున లావుపాటి రాగితీగను చుట్టుదురు. అది ఊరిలో దొంగలు తిరుగుచుండగా కావలివానిని పంపివేయుట వంటిది. ఫ్యూజు పోయినచో కారణమును వెదకవలెను గాని ఫ్యూజును శిక్షింపరాదు. నేడు పలు ఇండ్లలో తనంతట తానే పడిపోవు మీటలు ఫ్యూజులకు బదులు ఈ పనిని చేయుచున్నవి.

ఇంటికి వచ్చు రెండు తీగలలో ఒకటి పీడనము గల ఫేజు, రెండవది ప్రవాహము తిరిగిపోవు న్యూట్రలు. ప్రవాహము సెకనుకు 50 పర్యాయములు ముందునకును వెనుకకును ఊగుచుండును. అయినను వలయము పూర్తికానిదే సాగదు. మీటను ఎల్లప్పుడును ఫేజు తీగలోనే అమర్చవలెను. న్యూట్రలు తీగలో అమర్చినచో దీపము ఆరును గాని దీపము వరకు పీడనము ఉండనే యుండును. ఆరినదిగదా యని తాకినవాడు దెబ్బతినును. ఇక ఈ న్యూట్రలు తీగను విద్యుత్తు శాఖవారు భూమికి కలిపియుంతురు. ఈ కారణముచేత మనము నిలుచున్న నేల కూడ ప్రవాహము తిరిగిపోవు దారులలో నొకటి యగుచున్నది. ఇది గట్టిగా గుర్తుంచుకొనవలసిన సంగతి.

ఇప్పుడు పిట్టకథకు సమాధానము సులభము. పిట్ట రెండు కాళ్లును ఒకే తీగపై, దగ్గరదగ్గరగా ఉన్నవి. రెండు కాళ్ల నడుమ పీడనభేదము లేనట్లే. పిట్ట ద్వారా వేరొకచోటికి పోవు దారియు లేదు. వలయము పూర్తికాలేదు గనుక పిట్ట బ్రతికినది. గబ్బిలము గాని, నెమలి గాని రెక్క విప్పి ఒకేసారి రెండు తీగలను తాకినచో, లేక తీగను, ఇనుపస్తంభమును తాకినచో, అదియు చచ్చును. నేలపై నిలిచి తీగను తాకిన మనుష్యుని చేయి ఒక కొన, పాదములు రెండవ కొన. అతని శరీరమే వలయములోని లంకె యగును. గుండె గుండ ఒక ఆంపియరులో పదియవవంతు సాగినను ప్రాణము పోవచ్చును. పొడిచర్మమునకు నిరోధము ఎక్కువ. తడిసిన చర్మమునకు చాల తక్కువ. ఆ నిరోధము 1000 ఓములకు తగ్గినచో 230 వోల్టులు 0.23 ఆంపియరును నడిపించును. లెక్క మీరే చేసి చూడుడు. తడిచేతితో మీటను తాకవద్దని పెద్దలు చెప్పుట చాదస్తము గాదు; అది ఓమ్ సూత్రమే.

తెగి నేలబడిన తీగనుండి ప్రవాహము మట్టిలోనికి నలుదిక్కుల వ్యాపించును. తీగ పడినచోట నేల పీడనము ఎక్కువ. దూరము పోయినకొలది తక్కువ. ఎద్దు ముందుకాళ్లకును వెనుకకాళ్లకును నడుమ దూరము ఎక్కువ గనుక పీడనభేదము కూడ ఎక్కువ. ప్రవాహము ఒక జత కాళ్లలో ఎక్కి, గుండె మీదుగా పోయి, మరియొక జతలో దిగును. అందుచేత ఎద్దు తీగను తాకక దగ్గరకు పోయినను అపాయమే.

మూడు పుల్లల ప్లగ్గులోని పొడవైన లావుపాటి పుల్ల భూమితీగకు చెందినది. ఇస్త్రీపెట్టెలో ఫేజు తీగ ఊడి లోహపు ఒంటికి తగిలినచో, భూమితీగ ఆ ప్రవాహమునకు మనకన్న సులభమైన దారి నిచ్చును. అధికప్రవాహము సాగి ఫ్యూజు కరగును. ఆ పుల్లను విరిచి రెండు పుల్లల రంధ్రములలో దూర్చుట ప్రాణములతో చెలగాటమాడుట.

కావున బాలబాలికలారా! ఈ నియమములను మనసున నిలుపుకొనుడు. బట్టలు ఆరవేయు ఇనుపతీగను విద్యుత్తు స్తంభమునకు గాని, దాని ఆధారపు తీగకు గాని కట్టరాదు. గాలిపటము విద్యుత్తు తీగలలో చిక్కుకొనినచో దానిని వదలుకొనవలెను. తెగిపడిన తీగ దగ్గరకు మీరు పోరాదు, ఇతరులను పోనీయరాదు. వెంటనే విద్యుత్తు శాఖవారికి తెలుపవలెను. ఇంటిలో ఎవరికైన విద్యుత్తు తగిలినపుడు ప్రేమకొలది వారిని చేతితో పట్టి లాగరాదు. అట్లు చేసినచో రెండవ ప్రాణము కూడ ఆ వలయములో చిక్కుకొనును. మొదట ప్రధానమైన మీటను ఆర్పవలెను. అది వీలుకానిచో, పొడినేలపైనో పొడిపలకపైనో నిలిచి, ఎండిన కఱ్ఱతో తీగను తొలగింపవలెను. తరువాత ఆలస్యము చేయక వైద్యసహాయము పొందవలెను. వీధిలోని ఎత్తైన స్తంభముల పెద్ద తీగల విషయములో కఱ్ఱ కూడ పనికిరాదు. అచ్చటికి పోకుండుటయే మార్గము.

విద్యుత్తునకు భయపడి దూరముగా ఉండుటయు తగదు. ఏమగునులే యని తెగించుటయు తగదు. ఏ పరికరమును చూచినను "ఇందులో ప్రవాహము ఎచ్చట బయలుదేరి, ఏ దారిని పోయి, ఎట్లు తిరిగి వచ్చుచున్నది?" అని ప్రశ్నించుకొనుడు. ఆ దారిని మనసులో గీయగలిగిన నాడు మీరు విద్యుచ్ఛాస్త్రములో మొదటి మెట్టు ఎక్కినట్లే. "ఆ దారిలో నేను లంకెగా నిలుచుచున్నానా?" యను రెండవ ప్రశ్న మీ ప్రాణమును కాపాడును.

ప్రశ్నలు

1. కాలువనీటికిని విద్యుత్ప్రవాహమునకును గల ముఖ్యమైన భేదమేమి?
2. గాల్వానీ, వోల్టాల అభిప్రాయములలో భేదమేమి? ఇరువురి ప్రయోగములలోను సమానమైన సంగతి యేది?
3. శ్రేణి సంధానమును, సమాంతర సంధానమును పటములు గీచి వివరింపుడు. ఇంటి దీపములకు రెండవదే ఏల తగును?
4. ఒక బల్బు నిరోధము 20 ఓములు. దానిని 3 వోల్టుల ఘటమాలకు కలిపినచో ఎంత ప్రవాహము సాగును?
5. తీగపై కూర్చున్న పిట్ట ఏల చావదు? తెగిపడిన తీగ దగ్గర ఎద్దునకు ఎక్కువ అపాయము ఏల?